ఫంక్షన్ హాల్లో మ్యాట్రిక్స్ స్విచర్: ముహూర్తానికి ముందు తేల్చుకోవాల్సినవి

(పెళ్లి వీడియో, సౌండ్, ఎల్‌ఈడీ వాల్ ఆపరేటర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లైవ్ ఇచ్చే వీడియో వాళ్లు, సౌండ్ వాళ్లు, ఎల్‌ఈడీ వాల్ వాళ్లు, అందరూ వచ్చారు. హాల్ మేనేజర్లు కూడా కొందరు వచ్చినట్టున్నారు, మంచిది. మీ అందరి వైర్లూ వచ్చి కలిసేది ర్యాకులో ఉండే మ్యాట్రిక్స్ స్విచర్ అనే ఆ ఒక్క పెట్టెలోనే. స్క్రీన్ నల్లబడితే వీడియో వాళ్లు ఎల్‌ఈడీ వాళ్లను అంటారు, ఎల్‌ఈడీ వాళ్లు వీడియో వాళ్లను అంటారు, చివరికి ఇద్దరూ కలిసి హాల్ వాళ్ల మీద పడతారు. తీరా చూస్తే ఎవరి సామానూ చెడిపోయి ఉండదు. ఒక పరికరం ఇచ్చేది ఇంకోదానికి అర్థం కాక ఆగిపోయి ఉంటుంది. నేను ఎక్కువసేపు చెప్పబోయేది దాని గురించే. బటన్లు నొక్కడం ఎవరికైనా పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

మన పని ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. పెళ్లి పైన హాల్లో, భోజనాలు కింద. ముహూర్తం రాత్రి పదకొండుకో పన్నెండుకో అయితే రెండో బంతి నడుస్తుండగానే జీలకర్ర బెల్లం వచ్చేస్తుంది. కింద విస్తరి ముందు కూర్చున్న పెద్దమ్మకు, పెదనాన్నకు అది టీవీలో కనబడాలి. కాబట్టి వెనక ఎల్‌ఈడీ వాల్, హాల్లో చెరో పక్కా టీవీ, డైనింగ్ హాల్లో రెండు, లాబీలో ఒకటి, పెళ్లికూతురు గదిలో ఒకటి, వీడియోను ఇంటర్నెట్‌కు తగ్గట్టు మార్చి యూట్యూబ్ లైవ్‌కు పంపే ఎన్‌కోడర్ ఒకటి. ఇవన్నీ అవుట్‌పుట్లు. ఇక ఇన్‌పుట్లు అంటే కెమెరాలన్నీ కలిసిన వీడియో మిక్సర్ ప్రోగ్రామ్ (మిక్సర్ చివరగా బయటికిచ్చే బొమ్మ), ప్రీ వెడ్డింగ్ వీడియో వేసే ల్యాప్‌టాప్, హాల్ వాళ్ల సొంత కెమెరా, సెట్‌టాప్ బాక్స్. పెళ్లి రోజు మ్యాచ్ ఉంటే సెట్‌టాప్ బాక్స్ కోసం గొడవ తప్పదు, మీకు తెలియనిది కాదు.

ఒక ఇన్‌పుట్‌ను చాలా స్క్రీన్లకు పంచేది స్ప్లిటర్. చాలా ఇన్‌పుట్లలో ఒకదాన్ని ఎంచి ఒక స్క్రీన్‌కు ఇచ్చేది స్విచర్. ఏ ఇన్‌పుట్‌నైనా ఏ అవుట్‌పుట్‌కైనా, దేనికి కావాల్సింది దానికి, ఒకేసారి ఇవ్వగలిగేది మ్యాట్రిక్స్. లోపల అడ్డం గీతలు ఇన్‌పుట్లు, నిలువు గీతలు అవుట్‌పుట్లు. అవి కలిసే ప్రతిచోటా ఒక స్విచ్ ఉంటుంది. 4×4 పెట్టెలో 16, 8×8లో 64. ఒకే ఇన్‌పుట్ ఎనిమిది అవుట్‌పుట్లకూ వెళ్లొచ్చు. ఒక అవుట్‌పుట్‌కు మాత్రం ఒక సమయంలో ఒకే ఇన్‌పుట్. రెండు బొమ్మలు పక్కపక్కన కావాలంటే అది మల్టీవ్యూయర్ పనో, మిక్సర్ పనో.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. మ్యాట్రిక్స్‌తో కట్ కొట్టాలని, అంటే ఒక బొమ్మ నుంచి ఇంకోదానికి టక్కున మారాలని చూస్తారు. స్టేజీ వెనక వాల్ మీద కెమెరా నుంచి ల్యాప్‌టాప్‌కు మార్చాలి, మ్యాట్రిక్స్ బటన్ నొక్కారు, వాల్ రెండు మూడు సెకన్లు నల్లబడింది. హాలంతా చూసింది. మామూలు మ్యాట్రిక్స్‌లో అది సహజం. కొత్త సిగ్నల్ రాగానే వాల్‌ను నడిపే ఎల్‌ఈడీ ప్రాసెసర్ దాన్ని మళ్లీ మొదటి నుంచి గుర్తుపట్టాలి కదా. సీమ్‌లెస్ అని అమ్మే వాటిలో ప్రతి అవుట్‌పుట్‌కూ బొమ్మను ఎప్పుడూ ఒకే సైజులో ఇచ్చే స్కేలర్ ఒకటి ఉంటుంది కాబట్టి ఈ నలుపు రాదు, కాకపోతే ఖరీదెక్కువ. నా మాట వింటే, వాల్ మీద జరిగే మార్పులన్నీ వీడియో మిక్సర్‌లోనే చేయండి. ల్యాప్‌టాప్‌ను కూడా మిక్సర్‌లోకే ఇవ్వండి. మ్యాట్రిక్స్‌లో వాల్‌కు మిక్సర్ ప్రోగ్రామ్ ఒకసారి పెట్టాక ఆ వైపు చెయ్యి పెట్టకండి. మార్చేదేదైనా ఉంటే డైనింగ్‌కు, లాబీకి, గదులకు. అక్కడ రెండు సెకన్ల నలుపు ఎవరికీ పట్టదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చగానే బొమ్మ దానంతటదే వెళ్లిపోదు. ముందు టీవీ తన వివరాలు ఇస్తుంది. నేను ఈ రిజల్యూషన్లు తీసుకుంటాను, ఇన్ని హెర్ట్జ్, ఆడియో స్టీరియోనా 5.1నా, అన్నీ ఒక చిన్న పట్టికలో ఉంటాయి. దాని పేరు ఈడీఐడీ. 128 బైట్ల ముక్కలుగా ఉంటుంది, మామూలు టీవీలో రెండు ముక్కలు, మొత్తం 256 బైట్లు. టీవీ జాతకం అనుకోండి. అది చూసుకుని ల్యాప్‌టాప్ దానికి సరిపోయే బొమ్మ పంపుతుంది. ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ ఉంటే అసలు సమస్యే లేదు. మ్యాట్రిక్స్‌లో ఒక ల్యాప్‌టాప్‌కు ఎదురుగా ఏడు స్క్రీన్లు ఉంటాయి. ఏ స్క్రీన్ వివరాలు చూపించాలి?

దీనికి పెట్టెలో మూడు దారులుంటాయి. ఫలానా అవుట్‌పుట్‌లో ఉన్న టీవీ ఈడీఐడీని కాపీ చేసి ఇన్‌పుట్‌కు చూపించడం ఒకటి. అన్ని స్క్రీన్లకూ పనికొచ్చేదేదో పెట్టెనే లెక్కేసుకోమనడం రెండు. పెట్టెలో ముందే ఉన్న ఫిక్స్‌డ్ ఈడీఐడీల్లో ఒకటి మనం ఎంచడం మూడు. ఫంక్షన్ హాల్లో మూడోదే పెట్టండి. మొదటి దారిలో లాబీ టీవీని కాపీ చేసేలా ఉంచితే ఏమవుతుందంటే, లాబీలో కొత్తగా కొన్న 4కే టీవీ ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ 4కేకు ఎగబాకుతుంది. 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ మాత్రమే తీసుకునే ఎల్‌ఈడీ ప్రాసెసర్ ఆ సిగ్నల్ అర్థంకాక నల్లబడుతుంది. లాబీలో ఎవరో రిమోట్ నొక్కితే పైన స్టేజీ మీద వాల్ పోతుంది. వాల్ దగ్గర నిలబడి ఎంతసేపు వెతికినా కారణం దొరకదు.

కాబట్టి ల్యాప్‌టాప్, సెట్‌టాప్ బాక్స్ ఇన్‌పుట్లకు 1080పీ 60, అంటే సెకనుకు 60 ఫ్రేములు, ఆడియో రెండు చానళ్ల పీసీఎం, అంటే కుదించని మామూలు స్టీరియో. ఈ మాట రాసుకోండి. ఆడియో సంగతి ఎందుకంటే, 5.1 అని చూపిస్తే సెట్‌టాప్ బాక్స్ డాల్బీ పంపేస్తుంది. మ్యాట్రిక్స్ వెనక అనలాగ్ ఆడియో అవుట్ దాన్ని విడదీయలేకపోతే డైనింగ్ స్పీకర్లలో నిశ్శబ్దం. బొమ్మ ఉండి శబ్దం లేకపోతే ముందు చూడాల్సింది ఇదే.

4కే ఎందుకు వద్దంటున్నావని పార్టీ వాళ్లు అడుగుతారు. లెక్క చెప్పండి. మన దగ్గర ఎక్కువగా తిరిగే, చుక్కకూ చుక్కకూ 3.91 మిల్లీమీటర్ల దూరం ఉండే పీ3.91 ప్యానెళ్లలో ఒక 500 మిల్లీమీటర్ల క్యాబినెట్‌కు 128 పిక్సెళ్లు. 5 మీటర్లు బై 3 మీటర్ల వాల్ కడితే, అంటే మన లెక్కలో పదహారు అడుగులు బై పది అడుగులు, అడ్డం 1280, నిలువు 768. ఫుల్ హెచ్‌డీకే సరిపడా చుక్కలు లేని గోడ అది. దానికి 4కే పంపి లాభమేముంది? నష్టం మాత్రం ఉంది. 1080పీ 60 సిగ్నల్‌కు కేబుల్‌లో సెకనుకు సుమారు 4.46 గిగాబిట్లు వెళ్తే, 4కే 60కి సుమారు 17.8 గిగాబిట్లు. నాలుగింతలు. 1080పీని పది మీటర్ల వరకు మోసే మంచి రాగి కేబుల్ 4కే 60 దగ్గరికి వచ్చేసరికి ఐదు మీటర్లకే తడబడొచ్చు. మెరుపులు, చుక్కలు, మధ్యమధ్యలో బొమ్మ పోయి రావడం, ఇవన్నీ దాని లక్షణాలు.

కెమెరాల విషయం వేరు. కెమెరా, మిక్సర్ చాలావరకు మీరు మెనూలో పెట్టిందే పంపుతాయి, అవతలి ఈడీఐడీని పెద్దగా పట్టించుకోవు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్ల మినుకు రాకుండా కెమెరాలు 50లోనో 25లోనో ఉంటాయి. మిక్సర్‌ను 1080పీ 50లో పెట్టి, ల్యాప్‌టాప్ 60ని మిక్సర్ ఇన్‌పుట్‌లో మార్చుకోనివ్వండి. మీ మిక్సర్ ఆ మార్పిడి చేయలేకపోతే ల్యాప్‌టాప్‌ను కూడా 50లో పెట్టండి. కెమెరా మెనూలో, ఒక్కో ఫ్రేమును సగం సగం గీతలుగా పంపే 1080ఐ ఉండిపోయిందేమో కూడా చూడండి. కొన్ని ఎల్‌ఈడీ ప్రాసెసర్లకు అది గిట్టదు.

తరవాతిది హెచ్‌డీసీపీ. ఇది కాపీ చేయకుండా వేసే తాళం, ఇంటెల్ వాళ్లు తయారుచేసింది. సెట్‌టాప్ బాక్స్, స్ట్రీమింగ్ స్టిక్ లాంటివి తాళం వేసే పంపుతాయి. దారిలో ఉన్న ప్రతి పరికరం దగ్గరా తాళంచెవి ఉందని తేలితేనే బొమ్మ వస్తుంది. లైవ్ ఎన్‌కోడర్ దగ్గర, రికార్డర్ దగ్గర అది ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే సెట్‌టాప్ బాక్స్‌ను ఎన్‌కోడర్‌కు రూట్ చేస్తే నలుపే. అది పాడైపోవడం కాదు, అలా చేసేందుకే దాన్ని పెట్టారు. తాళం తీసేసే చిన్న పెట్టెలు బజార్లో దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఇంకోటి, ఇంటి కనెక్షన్ తెచ్చి హాల్లో నలుగురికీ చూపించడం కుదరదు, వాణిజ్య స్థలాలకు కనెక్షన్ వేరే ఉంటుంది. మేనేజర్లు ఆ సంగతి చూసుకోవాలి.

తాళం అక్కర్లేని చోట కూడా పడుతుంది, అదే అసలు తలనొప్పి. ఆపిల్ మ్యాక్ ల్యాప్‌టాప్ ఉందనుకోండి. అవతల పరికరం హెచ్‌డీసీపీ తీసుకుంటానంటే చాలు, సొంత పెళ్లి ఫోటోలకు కూడా తాళం వేసి పంపుతుంది. వాల్ మీద బాగానే వస్తుంది, లైవ్‌లో నలుపు. దీనికి మందు మ్యాట్రిక్స్‌లోనే ఉంది. ఆ ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీ సపోర్ట్ ఆఫ్ చేయండి. అవతల తీసుకునేవాళ్లు లేరనుకుని మ్యాక్ తాళం లేకుండా పంపుతుంది. ఇన్‌పుట్ వారీగా ఈ ఆప్షన్ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

కేబుళ్లు. కింద డైనింగ్‌కు, లాబీకి హెచ్‌డీఎంఐ లాగలేం. క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు మీద హెచ్‌డీఎంఐ బొమ్మను దూరం మోసే హెచ్‌డీబేస్‌టీ వేస్తాం, ఇటు ట్రాన్స్‌మిటర్, అటు రిసీవర్. మంచివి 100 మీటర్ల వరకు వెళ్తాయి. 70 అనో, 4కేకు 40 అనో రాసినవీ ఉంటాయి, పెట్టె మీద చదవండి. కనెక్టర్ నెట్‌వర్క్ జాక్‌లాగే ఉన్నా అది నెట్‌వర్క్ కాదు. ఆ వైరును సీసీటీవీ స్విచ్‌లోనో వైఫై రూటర్‌లోనో గుచ్చితే పనిచేయదు. పైగా అందులోనే రిసీవర్‌కు కరెంటు కూడా వెళ్లే రకమైతే పోర్టు కాలే ప్రమాదం ఉంది. రెండు చివర్లా వేరే రంగు టేప్ చుట్టండి. వైరు పూర్తి రాగిదే కొనండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక వైరు బరువు చూస్తేనే తెలుస్తుంది, తేలిగ్గా ఉంటుంది. మధ్యలో జాయింట్లు వద్దు. లైటింగ్ డిమ్మర్ల వైర్లతో కలిపి ఒకే పైపులో వేయొద్దు. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వాడేవాళ్లకు ఒక్క మాట. దానికి ఇటూ అటూ ఉంటుంది, సోర్స్ వైపు, డిస్‌ప్లే వైపు అని చివర్లలో రాసి ఉంటుంది. తిరగేసి సీలింగ్‌లోకి లాగేస్తే మళ్లీ సీలింగ్ విప్పాలి.

ఇప్పుడు సౌండ్ వాళ్ల వంతు. మ్యాట్రిక్స్‌లో ఆడియో రెండు రకాలుగా నడుస్తుంది. బొమ్మ ఎటు వెళ్తే శబ్దమూ అటే వెళ్లడం ఒకటి, బొమ్మకు సంబంధం లేకుండా శబ్దాన్ని విడిగా రూట్ చేయడం ఇంకొకటి. రెండోదాన్ని బ్రేక్‌అవే అంటారు. మన పెళ్లిళ్లకు బ్రేక్‌అవే బాగా పనికొస్తుంది. డైనింగ్‌లో మ్యాచ్ బొమ్మ, పైన సన్నాయి శబ్దం అని అడిగేవాళ్లుంటారు, ఇచ్చేయొచ్చు.

పంతులుగారి మైకు, సన్నాయి, డోలు, ఆర్కెస్ట్రా అన్నీ ఆడియో మిక్సర్‌కు వస్తాయి. అక్కడి నుంచి డైనింగ్ స్పీకర్లకు నేరుగా లైన్ లాగుతారు. ఇక్కడే మెలిక ఉంది. శబ్దం వైరులో ఆలస్యం లేకుండా కిందికి చేరుతుంది. బొమ్మ మాత్రం కెమెరా, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్, వీడియో మిక్సర్, టీవీ దాటి రావాలి. 50 ఫ్రేముల్లో ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. దారిలో ఉన్న ఒక్కో పరికరం ఒకటీ రెండూ ఫ్రేములు తింటే మొత్తం 100 దాటిపోతుంది. కింద టీవీలో డోలు మీద పుల్ల పడకముందే దెబ్బ వినబడుతుంది. శబ్దం వెనకబడితే మనిషి కొంత ఓర్చుకుంటాడు, ముందొస్తే ఓర్చుకోలేడు. అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫార్సులో కూడా ఇదే ఉంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుంటేనే జనం పట్టేస్తారు, వెనకబడితే 125 దాకా పట్టరు. ప్రకృతిలో ఉన్నదీ అదే కదా. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. హాల్ చివర, స్టేజీకి 30 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి ఎలాగూ 87 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వినబడుతుంది. మనం పుట్టినప్పటి నుంచి దానికి అలవాటు పడ్డాం.

చేయాల్సిందేమిటంటే, ఆడియో మిక్సర్ నుంచి ఒక ఫీడ్ వీడియో మిక్సర్‌కు ఇచ్చి, అక్కడ బొమ్మకు తగ్గట్టు శబ్దానికి డిలే (కావాలని పెట్టే ఆలస్యం) పెట్టి, రెండూ కలిపి హెచ్‌డీఎంఐలో మ్యాట్రిక్స్‌కు పంపండి. డైనింగ్ స్పీకర్లకు మ్యాట్రిక్స్ అవుట్‌పుట్ నుంచే ఆడియో విడదీసి ఇవ్వండి. లైవ్‌కు కూడా ఇదే ఫీడ్. టీవీ తినే ఫ్రేములు ఇంకా మిగిలుంటే మ్యాట్రిక్స్ అవుట్‌పుట్ డిలేతో సరిచేయండి. కెమెరా ముందు ఒకర్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించి కింద చూస్తే చాలు, కొలిచే పరికరం అక్కర్లేదు. స్టేజీ హాల్లో మాత్రం మెయిన్ స్పీకర్లకు ఏ డిలేలూ పెట్టకండి. వెనక వాల్ మీద బొమ్మ వెనకబడినా ఫర్వాలేదు, ముందు మనిషి ఉన్నాడు. ఆయన పెదాలు, ఆయన మాట కలవాలి.

మ్యాట్రిక్స్ వెనక ఆడియో సాధారణంగా ఆకుపచ్చ స్క్రూ కనెక్టర్ మీద ఉంటుంది. ప్లస్, మైనస్, గ్రౌండ్, మళ్లీ ప్లస్, మైనస్. బ్యాలెన్స్‌డ్‌గానే, అంటే ప్లస్, మైనస్, గ్రౌండ్ మూడు వైర్లతోనే లాగండి. అన్‌బ్యాలెన్స్‌డ్ ఇవ్వాల్సి వస్తే మైనస్‌ను ఏం చేయాలో మాన్యువల్ చూడండి. కొన్ని పెట్టెల్లో అవుట్‌పుట్ మైనస్‌ను గ్రౌండుకు కలిపితే పాడవుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్యిమంటోందంటే గ్రౌండ్ లూప్, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే మోత. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి, లేదా ల్యాప్‌టాప్, ఆడియో మిక్సర్ రెండూ ఒకే బోర్డు మీద నుంచి తీసుకోండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఆ గుయ్యిమనే మోత పోతుంది, నిజమే. దాంతోపాటు మైకు పట్టుకున్న మనిషి పోతాడు. 230 వోల్టులు, తడి నేల, పందిట్లో కాళ్లకు చెప్పుల్లేవు. ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

నడపడం గురించి తొందరగా చెప్పేస్తాను. ముందు పేర్లు పెట్టండి. ఇన్‌పుట్ 3 అని వదిలేస్తే రాత్రి పదకొండుకు మూడో నంబరు ఏమిటో ఎవరికీ గుర్తుండదు. ముందు ప్యానెల్ మీద కొన్నింట్లో అవుట్‌పుట్ నొక్కి ఇన్‌పుట్ నొక్కాలి, కొన్నింట్లో ఇన్‌పుట్ ముందు, అవుట్‌పుట్ తరవాత. కొత్త పెట్టె అయితే అది చూసుకోండి. తరవాత ప్రీసెట్లు, అంటే ఏ స్క్రీన్‌కు ఏది వెళ్లాలో ముందే దాచిపెట్టుకునే అమరికలు చేయండి. ఎదురుకోలు, ముహూర్తం, భోజనాలు, సంగీత్, నాలుగు చాలు. ఆపరేటర్‌కు ఈ నాలుగే చూపించి మిగతా ప్యానెల్ లాక్ చేసేయండి. బటన్లు వెలుగుతుంటే పిల్లలు ఊరుకోరు, పెద్దలూ ఊరుకోరు.

ట్యాబ్ నుంచి నడపాలంటే పెట్టెకు స్థిరమైన ఐపీ ఇవ్వండి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, అతిథుల వైఫై మీద మాత్రం పెట్టకండి. కంట్రోలర్ నుంచి ఆర్‌ఎస్ 232 అనే సీరియల్ లైన్‌లో నడిపేవాళ్లకు మూడు వైర్లు చాలు. ఇటు పంపేది అటు అందుకునేదానికి అడ్డంగా కలవాలి. చాలా పెట్టెలకు స్పీడ్ 9600. ఇంకోటి, సెట్టింగులన్నీ పూర్తయ్యాక ఫైలుగా సేవ్ చేసుకుని మేనేజర్‌కు ఒక కాపీ ఇవ్వండి.

ముహూర్తం మధ్యలో స్క్రీన్ పోతే కేబుళ్లన్నీ ఊడబీకకండి. పోయిన అవుట్‌పుట్‌కు బాగా పనిచేస్తున్న ఇంకో ఇన్‌పుట్ పెట్టి చూడండి. బొమ్మ వచ్చిందా, తప్పు ఇన్‌పుట్ వైపు. రాలేదా, అవుట్‌పుట్ వైపు, అంటే కేబులో రిసీవరో స్క్రీనో. ఇంతలోనే సగం వెతుకులాట అయిపోతుంది. బ్యాగులో ఒక ఏడంగుళాల మానిటర్, ఒక చిన్న హెచ్‌డీఎంఐ కేబుల్ ఎప్పుడూ ఉంచుకోండి. మిగతాది దాంతో తేలుతుంది.

అడగండి, అక్కడ చెయ్యెత్తారు.

(అన్నా, కరెంటు పోయి జనరేటర్ అందుకునేసరికి మ్యాట్రిక్స్ రీస్టార్ట్ అవుతోంది. బొమ్మ రావడానికి నిమిషం పడుతోంది. ఏం చేయాలి?)

దానికి యూపీఎస్ తప్ప దారి లేదు తమ్ముడూ. మ్యాట్రిక్స్, వీడియో మిక్సర్, ఎన్‌కోడర్, ఇంటర్నెట్ రూటర్, ఎల్‌ఈడీ ప్రాసెసర్, ఈ ఐదూ యూపీఎస్ మీద ఉండాలి. వాల్ ప్యానెళ్లు ఆగి వచ్చినా సిగ్నల్ ఆగదు కాబట్టి వెంటనే అందుకుంటాయి. చిన్న యూపీఎస్ చాలు, అది నడవాల్సింది జనరేటర్ అందుకునేదాకానే. కానీ ముందురోజే మెయిన్ ఆఫ్ చేసి చూడండి. యూపీఎస్ లేకపోతే కరెంటొచ్చాక పెట్టె పాత రూటింగ్‌తోనే లేస్తుందా, లేక ఇన్‌పుట్ 1 అవుట్‌పుట్ 1, ఇన్‌పుట్ 2 అవుట్‌పుట్ 2 అంటూ ఫ్యాక్టరీ వరసకు వెళ్తుందా చూసుకోండి. రెండో రకమైతే పవర్ ఆన్ ప్రీసెట్ అని మెనూలో ఉంటే అక్కడ ముహూర్తం ప్రీసెట్ పెట్టండి.

(ఇప్పుడన్నీ నెట్‌వర్క్ మీదే పంపుతున్నారు కదా. ఇంకా ఈ పెట్టె కొనాలా?)

మంచి ప్రశ్న. 1080పీ 60 బొమ్మ కుదించకుండా పంపాలంటే పిక్సెళ్లకే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. మన దగ్గరున్న 1 గిగాబిట్ నెట్‌వర్క్‌లో పట్టదు, కుదించి పంపాలి. కుదించడానికి, విప్పడానికి మళ్లీ ఆలస్యం. మల్టీకాస్ట్‌ను, అంటే ఒకే సిగ్నల్ చాలా స్క్రీన్లకు ఒకేసారి వెళ్లడాన్ని, అదుపులో పెట్టే మేనేజ్‌డ్ స్విచ్ కూడా కావాలి. మామూలు స్విచ్ వేస్తే హాల్ వైఫై మొత్తం కుదేలవుతుంది. ఇరవై ముప్పై స్క్రీన్లున్న కన్వెన్షన్ సెంటర్‌కు నెట్‌వర్కే సరైనది, స్క్రీన్ పెరిగినప్పుడల్లా ఒక రిసీవర్ చేర్చుకుంటే చాలు. ఏడెనిమిది స్క్రీన్ల హాల్‌కు నేనైతే 8×8 పెట్టెనే పెడతాను. ఇప్పుడు ఆరు అవుట్‌పుట్లే కావాలన్నా 8 కొనండి. వచ్చే సీజన్‌కు పెళ్లికొడుకు గదిలో కూడా టీవీ అడుగుతారు.

ఇక మాటలు చాలు. ఆ మూల ర్యాకులో ఒక మ్యాట్రిక్స్, రెండు టీవీలు, ఒక మ్యాక్, ఒక సెట్‌టాప్ బాక్స్ పెట్టాం. ఈడీఐడీలు కావాలనే చెడగొట్టి ఉంచాం. టీ తాగి అటు రండి, వైర్లు మీరే కలపాలి.